టూ వే స్విచ్ తియ్యకుండానే డిమ్మర్

ప్రశ్న: మాది ఏలూరు. మా అత్తగారి గదిలో సీలింగ్‌కి 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు ఉన్నాయి. వాటికి గుమ్మం దగ్గర ఒక స్విచ్, మంచం పక్కన ఒక స్విచ్. ఎటునుంచైనా వేసుకోవచ్చు, ఆర్పుకోవచ్చు. ఆవిడ రాత్రిళ్లు రెండుమూడు సార్లు లేస్తారు. ఒక్కసారిగా అంత వెలుతురు పడేసరికి కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకుని నిలబడిపోతున్నారు. అందుకని మంచం పక్క స్విచ్ తీసి వెలుతురు తగ్గించే డిమ్మర్ పెడదామని షాపులో ఒకటి కొన్నాను. పాత స్విచ్ వెనక మూడు వైర్లున్నాయి, డిమ్మర్‌కి రెండే స్క్రూలు. ఎలక్ట్రీషియన్ చూసి, "ఇది పెడితే గుమ్మం దగ్గర స్విచ్ పనిచేయదమ్మా, ఏదో ఒకటి వదులుకోవాలి" అన్నాడు. మావారేమో ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టించేస్తే పోతుంది కదా అంటున్నారు. ఆ మూడో వైరు ఎక్కడ పెట్టాలి? రెండు స్విచ్‌లూ ఉంచుకుని వెలుతురు తగ్గించుకునే దారి లేదా?

సమాధానం: ఉందమ్మా. రెండు స్విచ్‌లూ ఉంటాయి, వెలుతురూ తగ్గుతుంది. కాకపోతే స్విచ్ తీసేసి ఆ చోట్లో డిమ్మర్ పెట్టాలన్న ఆలోచన మానుకోవాలి. పాత స్విచ్ అక్కడే ఉంటుంది, డిమ్మర్ దాని పక్కన చేరుతుంది. మీ ఎలక్ట్రీషియన్ అన్నదీ తప్పు కాదు. స్విచ్ స్థానంలో మీరు కొన్న డిమ్మర్ పెడితే సరిగ్గా అతను చెప్పినట్టే అవుతుంది. కాని అదొక్కటే దారి కాదు.

ఆ గదిలో రెండు స్విచ్‌ల ఏర్పాటును మాత్రం ఏ కారణంతోనూ పోనివ్వకండి. పెద్దవాళ్లకు చీకట్లో మంచానికీ స్విచ్‌కీ మధ్య వేసే ఆ నాలుగడుగులే ప్రమాదం. మంచం మీదనుంచి చెయ్యి చాపితే లైటు వెలగాలి. బాత్రూమ్‌నుంచి తిరిగొచ్చేటప్పుడు గుమ్మం దగ్గరా వెలగాలి. వెలుతురు తగ్గించడమనేది దాని మీద చేరే సౌకర్యమే కాని, దానికి బదులుగా వచ్చేది కాదు.

ఇప్పుడు మూడు వైర్ల సంగతి. మీ గదిలోలా ఒకే లైటుని రెండు చోట్లనుంచి వేసే స్విచ్‌ని టూ వే స్విచ్ అంటారు. దానికి మూడు స్క్రూలుంటాయి. అందులో ఒకటి కామన్, అంటే మిగతా రెండిటిలో ఏదో ఒకదానితో మార్చి మార్చి కలిసేది. మన దగ్గర దొరికే మాడ్యులర్ స్విచ్‌లలో ఎక్కువగా మధ్యదే కామన్. సరిగ్గా చేసిన వైరింగ్‌లో ఒక బోర్డులోని స్విచ్ కామన్‌కి ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరు వస్తుంది. దాని మిగతా రెండు స్క్రూలనుంచి రెండు వైర్లు గోడలోని పైపు గుండా రెండో బోర్డుకు వెళ్లి, అక్కడి స్విచ్ పై స్క్రూకీ కింది స్క్రూకీ కలుస్తాయి. ఆ రెండో స్విచ్ కామన్‌నుంచి ఒక వైరు బల్బుకు పోతుంది. కరెంటు తిరిగి వెళ్లే వైరు, అంటే న్యూట్రల్, నేరుగా హోల్డర్‌కే వెళ్తుంది. రెండు స్టేషన్ల మధ్య రెండు రైలు లైన్లున్నాయనుకోండి. ఇటు పట్టాలు మార్చే పాయింట్లూ అటు పాయింట్లూ ఒకే లైనుకి పెట్టి ఉంటేనే బండి వెళ్తుంది. ఏ చివరన మార్చినా దారి తెగుతుంది, మళ్లీ ఏ చివరన మార్చినా కలుస్తుంది. మీ బల్బు ఎటునుంచైనా వెలిగేదీ ఆరేదీ అందుకే.

మీరు కొన్నది రెండు స్క్రూల డిమ్మర్. అందులో ఆ దారి మార్చే ఏర్పాటు లేదు. ఒకవైపు లోపలికి, రెండోవైపు బయటికి, అంతే. మంచం పక్క స్విచ్ పీకేసి అక్కడ దీన్ని పెడితే రెండు రకాలుగా జరగొచ్చు. కామన్ వైరునీ, అటునుంచి వచ్చే రెండు వైర్లలో ఒక్కదాన్నీ డిమ్మర్‌కి కలిపి మూడోది టేపు చుట్టి వదిలేస్తే, గుమ్మం దగ్గర స్విచ్ ఒక వైపుకి ఉన్నప్పుడే డిమ్మర్ పనిచేస్తుంది. ఎవరైనా ఆ స్విచ్‌ని రెండో వైపుకి నొక్కి వెళ్లిపోతే మంచం దగ్గర ఎంత తిప్పినా లైటు రాదు. అలా కాకుండా, అటునుంచి వచ్చే రెండు వైర్లనూ కలిపి మెలిపెట్టి ఒకే స్క్రూలో బిగిస్తే రెండు దారులూ ఒకటైపోతాయి. గుమ్మం దగ్గర స్విచ్ ఎటు నొక్కినా తేడా ఉండదు, డిమ్మర్ ఒక్కటే దిక్కు. మీ ఎలక్ట్రీషియన్ మనసులో ఉన్నది ఇదే అయి ఉంటుంది. కాబట్టి మూడో వైరుకి డిమ్మర్‌లో చోటు వెతక్కండి. మూడు వైర్లనూ పాత స్విచ్‌లోనే ఉండనివ్వండి.

మరి డిమ్మర్ ఎక్కడ? రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లున్నాయి కాని, వాటికి ముందు ఒకే వైరు, తర్వాత ఒకే వైరు. ఫేజ్ వచ్చి మొదటి స్విచ్ కామన్‌లో చేరేది ఒక్కటే. రెండో స్విచ్ కామన్‌నుంచి బల్బుకు పోయేదీ ఒక్కటే. కరెంటు ఏ దారిన వెళ్లినా ఈ ఒంటి వైర్లను దాటక తప్పదు. డిమ్మర్ చేరాల్సింది అక్కడే. అంటే మంచం పక్క బోర్డులో ఉన్నది మొదటి స్విచ్ అయినా రెండో స్విచ్ అయినా పని ఒకటే: దాని కామన్‌లో ఉన్న వైరు విప్పి డిమ్మర్‌కి ఒకవైపు కలపాలి. డిమ్మర్ రెండోవైపునుంచి ఒక పొట్టి వైరు ముక్క తెచ్చి స్విచ్ కామన్‌లో బిగించాలి. మిగతా రెండు వైర్లను ముట్టుకోనే కూడదు. డిమ్మర్ మీద సప్లై వైపు, లోడు వైపు అని గుర్తులుంటే వాటి ప్రకారం కలపాలి. ఈ ఏర్పాటులో రెండు స్విచ్‌లూ ఎప్పటిలాగే వేస్తాయి, ఆర్పుతాయి. డిమ్మర్ గుండీ వెలుతురు ఎంత ఉండాలన్నది మాత్రమే చూసుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలామంది దాన్ని గమనించరు. మన బోర్డుల్లో ఫేజ్ వైరుని ఒక స్విచ్‌నుంచి ఇంకో స్విచ్‌కి లూపింగ్ చేసుకుంటూ పోతారు. మంచం పక్క స్విచ్ ఫేజ్ వచ్చే వైపుది అయితే, దాని కామన్‌లో రెండు వైర్లు కనిపించొచ్చు: ఒకటి ఫేజ్ తెచ్చేది, రెండోది పక్కనున్న ఫ్యాన్ స్విచ్‌కో ప్లగ్గు స్విచ్‌కో తీసుకెళ్లేది. ఆ రెండో వైరు పొరపాటున డిమ్మర్ దాటాక చేరితే ఫ్యానూ, ఫోన్ ఛార్జరూ అన్నీ డిమ్మర్ గుండానే నడుస్తాయి. లైటు తగ్గించినప్పుడల్లా ఫ్యాను మూలుగుతుంది, ఛార్జరు పాడవుతుంది, డిమ్మర్ కాలిపోవచ్చు. అందుకని కామన్‌లో రెండు వైర్లుంటే రెండూ కలిసే డిమ్మర్ సప్లై వైపుకి వెళ్లాలి, డిమ్మర్‌నుంచి స్విచ్ కామన్‌కి ఒక్క ముక్కే రావాలి. ఎలక్ట్రీషియన్ పని చేస్తుంటే మీరు పక్కన నిలబడి ఇదొక్కటి అడగండి: "కామన్‌లో ఎన్ని వైర్లున్నాయి, రెండోది ఎటు వెళ్తోంది?"

నేను చెప్పిందంతా వైరింగ్ సరిగ్గా ఉన్న ఇంటికి. కాని మన దగ్గర ఇంకో పద్ధతిలో చేసిన టూ వే కూడా కనిపిస్తుంది, ముఖ్యంగా పాత ఇళ్లలో. ప్రతి బోర్డులోనూ ప్లగ్గు కోసం ఫేజూ న్యూట్రలూ ఎలాగూ ఉంటాయి కదా, రెండు బోర్డుల మధ్య వైర్లు లాగడం ఎందుకని, ఒక్కో టూ వే స్విచ్‌కి పైన ఫేజ్, కింద న్యూట్రల్ ఇచ్చి, రెండు కామన్‌ల మధ్య బల్బు కట్టేస్తారు. ఒక స్విచ్ ఫేజ్ మీద, రెండోది న్యూట్రల్ మీద ఉంటే బల్బు వెలుగుతుంది. రెండూ ఫేజ్ మీద ఉన్నా, రెండూ న్యూట్రల్ మీద ఉన్నా ఆరుతుంది. వైరు ఆదా అవుతుంది, పని తొందరగా అయిపోతుంది. కాని రెండు స్విచ్‌లూ ఫేజ్ మీద ఉన్నప్పుడు లైటు ఆరి ఉండగానే హోల్డర్ రెండు కొనల్లోనూ కరెంటు ఉంటుంది. లైటు ఆపేశాం కదా అని స్టూలు ఎక్కి బల్బు మార్చబోయినవాళ్లకు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండి, రెండు బోర్డులకూ వేర్వేరు ఫేజులు వస్తుంటే ఇంకా ఘోరం. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి, అది నేరుగా బల్బు మీద పడుతుంది.

మీ ఇంట్లో ఏ పద్ధతి ఉందో ఎలక్ట్రీషియన్‌కి రెండు నిమిషాల పని. బోర్డు విప్పి మల్టీమీటరుతోనో టెస్ట్ ల్యాంపుతోనో చూస్తే తెలుస్తుంది. అవతలి స్విచ్ ఎటు నొక్కినా సంబంధం లేకుండా ఇక్కడి పై స్క్రూలో ఎప్పుడూ ఫేజ్, కింది స్క్రూలో ఎప్పుడూ న్యూట్రల్ ఉంటే అది ఈ అడ్డదారి పద్ధతే. ఒక్క నియాన్ టెస్టరుని నమ్ముకుంటే చాలదు. పక్కపక్కనే పైపులో నడిచే వైర్లలో ఒకదాని కరెంటు ఇంకోదాని మీద కొంచెం తోస్తుంది, ఆ కాస్తకే నియాన్ మినుకుమంటుంది. అడ్డదారి పద్ధతి అని తేలితే డిమ్మర్ సంగతి తర్వాత, ముందు వైరింగ్ మార్పించండి. ఒక బోర్డునుంచి ఇంకో బోర్డుకు రెండు వైర్లు లాగాలి, పైపు పూడుకుపోకుండా ఉంటే సగం పూట పని. మీ అత్తగారి గదిలో మీరు ఈ ఏడాది ఒక్క ఖర్చే పెట్టగలిగితే అది డిమ్మర్ కాదు, ఇదీ అనే చెప్తాను.

వైరింగ్ బాగుందనుకుందాం. అప్పుడూ మీరు కొన్న డిమ్మర్, మీ దగ్గరున్న బల్బులూ ఒకదానికొకటి సరిపడవు. డిమ్మర్ కొన్నవాళ్లలో చాలామంది విసిగిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మన కరెంటు 230 వోల్టులు, సెకనుకి 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో రెండు అలలు, ఒక్కో అల పది మిల్లీసెకన్లు. డిమ్మర్ లోపలి ట్రయాక్ అనే భాగం ప్రతి అలనూ మొదట్లో కొంతసేపు ఆపి, ఆ తర్వాత వదులుతుంది. గుండీ ఎంత తగ్గిస్తే అంత ఆలస్యంగా వదులుతుంది. పాతకాలం ఫిలమెంటు బల్బుకి ఇది చక్కగా సరిపోయింది. తీగ వేడి మీద నడిచేది కాబట్టి ముక్కలైన అలలు దానికి తెలిసేవి కావు, తక్కువ వేడి, తక్కువ వెలుతురు, అంతే. ఎల్ఈడీ అలా కాదు. దాని మెడలో డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. వోల్టేజీ పెరిగినా తగ్గినా వెలుతురు మారకుండా చూడటమే దాని పని. మామూలు ఎల్ఈడీ బల్బుని డిమ్మర్‌కి కడితే డిమ్మర్ తగ్గించాలని చూస్తుంది, డ్రైవర్ నిలబెట్టాలని చూస్తుంది. ఫలితం వణుకు, సన్నని గుయ్యిమన్న శబ్దం, సగం దాకా మార్పేమీ లేక హఠాత్తుగా ఆరిపోవడం. కొన్నాళ్లకు డ్రైవర్ వేడెక్కి పోతుంది కూడా.

కాబట్టి ముందు బల్బు పెట్టె చూడండి. డిమ్మబుల్ అని రాసి ఉంటేనే డిమ్మర్‌కి పనికొస్తుంది. ఏమీ రాయకపోతే పనికిరాదనే అర్థం. చాలా పెట్టెల మీద నాన్ డిమ్మబుల్ అని మాటల్లోనో, డిమ్మర్ బొమ్మకి అడ్డగీత కొట్టో ఉంటుంది. ఎల్ఈడీ ట్యూబులూ, సీలింగ్‌లో దిగేసే ప్యానెల్ లైట్లూ మామూలుగా డిమ్ కావు. ప్యానెల్ లైటుకి డ్రైవర్ డబ్బా విడిగా ఉంటుంది కాబట్టి, దానికి తగ్గ డిమ్మబుల్ డ్రైవర్ దొరికితే మార్చుకోవచ్చు. పాత ట్యూబ్‌లైట్లనూ సీఎఫ్ఎల్‌లనూ డిమ్మర్ జోలికి తీసుకెళ్లకండి.

బల్బులు మార్చాక డిమ్మర్ సంగతి. షాపుల్లో మామూలుగా చేతికిచ్చే 400 వాట్లు, 650 వాట్ల డిమ్మర్లు ఫిలమెంటు బల్బుల కాలం లెక్కలవి. వాటికి గరిష్ఠమే కాదు, కనిష్ఠ లోడు కూడా ఉంటుంది. పాత రకాల్లో చాలావాటికి కనీసం 40 వాట్లో 60 వాట్లో ఉంటే తప్ప ట్రయాక్ నిలకడగా పనిచేయదు. మీ రెండు బల్బులూ కలిపి 18 వాట్లు. అంటే డిమ్మబుల్ బల్బులే తెచ్చినా ఈ డిమ్మర్‌తో వణుకు రావచ్చు. పెద్ద వాట్ల డిమ్మర్ అయితే మంచిది కదా అనుకోకండి, ఎల్ఈడీల విషయంలో అది తలకిందులు. 5 వాట్లనుంచో 10 వాట్లనుంచో పనిచేస్తుందని, ఎల్ఈడీకి పనికొస్తుందని రాసి ఉన్నది అడిగి తీసుకోండి. అలను మొదట్లో కాక చివర్లో కోసే రకం డిమ్మర్లు వస్తున్నాయి, వాటిని ట్రెయిలింగ్ ఎడ్జ్ అంటారు. ఎల్ఈడీలతో అవే నెమ్మదిగా, శబ్దం లేకుండా నడుస్తాయి. ధర ఎక్కువే, కాని పడకగదికి ఆ తేడా పెట్టొచ్చు. మీ దగ్గరున్న డిమ్మర్ పెట్టె చెడకపోతే షాపులో ఇచ్చి మార్చుకోండి.

కొనబోయే ముందు మీ బోర్డు ముందువైపూ, స్విచ్ పక్కనుంచీ ఫొటోలు తీసుకెళ్లండి. ఒక కంపెనీ మాడ్యూల్ ఇంకో కంపెనీ ప్లేటులో కూర్చోదు, కొన్నిసార్లు ఒకే కంపెనీలో రెండు సిరీస్‌లవీ కూర్చోవు. డిమ్మర్ ఒక మాడ్యూల్ చోటు తీసుకుంటుందా, రెండా అన్నది కూడా చూసుకోవాలి. బోర్డులో ఖాళీ మూత ఉంటే అక్కడ పెట్టొచ్చు, లేకపోతే ప్లేటూ బాక్సూ పెద్దవి వేయాలి. మంచం పక్కన చోటే లేకపోతే గుమ్మం బోర్డులోనూ ఇదే పద్ధతిలో పెట్టొచ్చు, కాని మీ అత్తగారి చేతికి అందదు. మంచం పక్కన పెట్టడానికే ప్రయత్నించండి. రెండు బోర్డుల్లోనూ ఒక్కో డిమ్మర్ పెడదామని మాత్రం ఎవరన్నా ఒప్పుకోకండి. ఒకదాని వెనక ఒకటిగా రెండు మామూలు డిమ్మర్లు కలిపితే రెండూ సరిగ్గా పనిచేయవు.

లోపలే టూ వే స్విచ్ ఉన్న డిమ్మర్లూ ఉన్నాయి. గుండీని తిప్పితే వెలుతురు మారుతుంది, నొక్కితే ఆన్, ఆఫ్. వాటికి మూడు స్క్రూలుంటాయి, స్విచ్ తీసి నేరుగా పెట్టుకోవచ్చు. ఐరోపా, బ్రిటన్ ఇళ్లలో ఇవే మామూలు. మన మాడ్యులర్ సిరీస్‌లలో దొరికితే మీ పని ఇంకా తేలిక. అమెరికానుంచి ఎవరైనా తెస్తామంటే మాత్రం వద్దనండి. అక్కడిది 120 వోల్టుల, 60 ఆవృత్తుల కరెంటు, ఆ డిమ్మర్ ఇక్కడ పనికిరాదు. వీడియోలు చూసి పని చేసేవాళ్లకూ ఇదే హెచ్చరిక. అమెరికాలో నల్లవైరు అంటే కరెంటున్న వైరు. మన దగ్గర నలుపు న్యూట్రల్, ఎరుపు పసుపు నీలం మూడూ ఫేజులు, ఆకుపచ్చ ఎర్త్. ఐరోపాలో నీలం న్యూట్రల్. ఆ వీడియోలు చూసి మన బోర్డులో చెయ్యి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా మన ఇళ్లలో స్విచ్‌నుంచి బల్బుకి పోయే వైరుకి చేతికి ఏ రంగు దొరికితే అది వాడేస్తారు. రంగుని ఎప్పుడూ నమ్మకండి, పరీక్షించి చూసిందే నమ్మండి.

ఫ్యాన్ రెగ్యులేటర్ ఆలోచన మీవారిని మానుకోమనండి. ఇప్పుడొచ్చే ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెల స్టెప్ రెగ్యులేటర్లలో కెపాసిటర్లుంటాయి. ఫ్యాను మోటారు లెక్కకు తగ్గట్టు చేసినవి. వాటి వెనక ఎల్ఈడీ బల్బు పెడితే వెలుతురు మెట్లుమెట్లుగా తగ్గదు, డ్రైవర్ గందరగోళపడుతుంది. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అయితే లోపల డిమ్మర్ లాంటిదే, కాని చిన్న ఎల్ఈడీ లోడుకి అదీ కుదరదు. అలాగే లైటు డిమ్మర్‌ని ఫ్యానుకీ పెట్టకూడదు.

ఇన్వర్టర్ గురించి మీరు రాయలేదు. ఉండే ఉంటుందని అనుకుంటున్నాను. ఉంటే రెండు సంగతులు. మొదటిది ప్రాణానికి సంబంధించినది. పడకగది లైట్లూ ఫ్యాన్లూ ఇన్వర్టర్ లైను మీదే ఉంటాయి. పని మొదలుపెట్టేముందు మెయిన్ ఆపేస్తే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని వెంటనే అందుకుంటుంది, బోర్డులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. మెయినూ ఆపాలి, ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపాలి, ఆపై బోర్డు విప్పి ప్రతి స్క్రూనూ పరీక్షించి చూశాకే చెయ్యి పెట్టాలి. పరీక్షించే సాధనం పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న చోట చూసుకోవాలి. ఇంట్లో కరెంటు లీకైతే తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే మంచిదే, ఉంది కదా అని ఈ జాగ్రత్త వదలకూడదు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య మనిషి ఇరుక్కుంటే అది కరెంటు ఆపదు.

రెండోది డిమ్మర్‌కి సంబంధించినది. డిమ్మర్ అల ఎక్కడ సున్నాకి వస్తోందో చూసుకుని లెక్క కడుతుంది. మామూలు కరెంటులాంటి అలనే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఇబ్బంది లేదు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే అల ఆకారమే వేరు కాబట్టి, కరెంటు పోయిన రాత్రుల్లో మీ డిమ్మర్ వణికించొచ్చు, అసలు వెలగకపోవచ్చు. మీ అత్తగారికి లైటు బాగా అవసరమయ్యేది సరిగ్గా ఆ రాత్రుల్లోనే. స్క్వేర్ వేవ్ అయితే డిమ్మర్ జోలికి పోవద్దనే నా సలహా.

అలాంటప్పుడు ఏం చేయాలి? స్టెప్ డిమ్మింగ్ బల్బులని దొరుకుతున్నాయి. మామూలు స్విచ్‌తోనే ఆపి వెంటనే మళ్లీ వేస్తే వెలుతురు ఒక మెట్టు తగ్గుతుంది, ఇంకోసారి చేస్తే ఇంకా తగ్గుతుంది. బల్బులోనే ఆ తెలివి ఉంటుంది కాబట్టి బోర్డులో ఒక్క వైరు కూడా కదపక్కర్లేదు, టూ వే స్విచ్‌లతోనూ నడుస్తుంది. కాకపోతే ఆపి మళ్లీ వేయాలన్నది పెద్దవాళ్లకి గుర్తుండాలి.

నిజం చెప్పాలంటే మీరు రాసిన సమస్యకి నేను మొదట చూసేది బెడ్ లైటు. వయసు పెరిగేకొద్దీ చీకట్లోంచి వెలుతురులోకి వచ్చినప్పుడు కళ్లు సర్దుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, అదే సమయంలో వస్తువులు కనపడటానికి మనకన్నా ఎక్కువ వెలుతురూ కావాలి. పైనుంచి పడే లైటుని బాగా తగ్గిస్తే కళ్లకి హాయిగానే ఉంటుంది కాని, గుమ్మం దగ్గర గడప, మడత పడిన పట్టా కనపడవు. మంచంనుంచి బాత్రూమ్‌దాకా నేలకి దగ్గరగా, కళ్లలో పడకుండా ఒకటి రెండు చిన్న ఎల్ఈడీ బెడ్ లైట్లు పెడితే దారి కనిపిస్తుంది. పాత జీరో బల్బు పేరుకే జీరో, పన్నెండు పదిహేను వాట్లు తినేది. ఇప్పటి ఎల్ఈడీది అర వాటు, రాత్రంతా వెలిగినా లెక్కలోకి రాదు. అవి పెట్టాక డిమ్మర్ అవసరం ఉందో లేదో మీ అత్తగారినే అడగండి. సాయంత్రం పడుకునే ముందు మెత్తటి వెలుతురు కావాలంటే డిమ్మర్ అప్పుడూ పెట్టించుకోవచ్చు.

ఈ పని ఎవరు చేయాలన్నది కూడా చెప్పాలి. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించాల్సిన పనుల్లోంచి బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు మార్చడాన్ని ఒకప్పుడు అమల్లో ఉన్న 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోని 45వ నియమమే మినహాయించింది. కాని మీరు అడిగిన పనిలో కామన్ ఏదో కనుక్కోవాలి, లూపింగ్ చూడాలి, వైరింగ్ ఏ పద్ధతో తేల్చాలి. ఇవి చేయి తిరిగినవాళ్ల పనులు. మీరు వచ్చిన ఎలక్ట్రీషియన్‌నే మళ్లీ పిలవండి. "స్విచ్ తియ్యొద్దు, కామన్ వైరు మీద సిరీస్‌లో డిమ్మర్ పెట్టు" అని చెప్తే అతనికి వెంటనే అర్థమవుతుంది.

పని అయ్యాక అతను వెళ్లేలోపే కొన్ని చూసుకోండి. ఎల్ఈడీ డిమ్మర్లలో కొన్నిటికి గుండీ కింద చిన్న స్క్రూ ఉంటుంది, అన్నిటికన్నా తక్కువ వెలుతురు ఎంత ఉండాలో దానితో సర్దుతారు. గుండీని పూర్తిగా తగ్గించి, గుమ్మం దగ్గర స్విచ్ ఆపి మళ్లీ వేయించండి. బల్బు వెంటనే వెలగాలి. అప్పటికే వెలుగుతున్న ఎల్ఈడీ తక్కువలో నిలబడుతుంది కాని, ఆరి ఉన్నది అంత తక్కువలో మొదలుకాకపోవచ్చు. అలా జరిగితే మీ అత్తగారు స్విచ్ నొక్కి, లైటు పోయిందనుకుని చీకట్లోనే నడుస్తారు. వెలగకపోతే ఆ స్క్రూని వెలిగేదాకా పెంచమనండి. మంచం దగ్గరి స్విచ్‌తోనూ ఇదే చేసి చూడండి. ఆపేశాక కూడా బల్బులు మసకగా మిణుకుమంటుంటే కంగారు పడొద్దు. రెండు బోర్డుల మధ్య వైర్లు పక్కపక్కనే నడవడం వల్ల వచ్చే కాస్త కరెంటుకే ఎల్ఈడీ అలా చేస్తుంది. మంచి డ్రైవర్ ఉన్న బల్బు మారిస్తే చాలాసార్లు పోతుంది. ఆఖరిగా మెయిన్ ఆపించి, ఇన్వర్టర్ మీద ఒకసారి గుండీని ఆ చివరనుంచి ఈ చివరదాకా తిప్పి చూడండి. అప్పుడు కూడా వణకకుండా వెలిగితే ఎలక్ట్రీషియన్‌కి డబ్బులిచ్చి పంపొచ్చు.